చుక్కకు సంబంధం చూసిన ఊరు

ఆ వయసులో నాకు ఎదురుపడిన ప్రతి మనిషీ నా ఉపన్యాసం వినడానికే పుట్టినట్టు కనిపించేవాడు. హనుమకొండలో చదువు ముగించి, అక్కడి చర్చావేదికల మీద దయ్యాలనూ జాతకాలనూ వాస్తునూ ఓడించి, పాలకుర్తి పక్కనున్న మా ఊరికి విజేతలా తిరిగొచ్చిన రోజులవి. (అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే వరంగల్ జిల్లా. నా నోటికైతే ఏ సరిహద్దూ లేదు.) జనగామలో ఎక్కిన ఆటోకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుంటే పాలకుర్తి వచ్చేదాకా ఆ నిమ్మకాయ మీదే మాట్లాడాను. డ్రైవరు ఓపికగా విని, నేను దిగేటప్పుడు, "అక్కా, నువ్వు చెప్పింది కరెక్టే. రేపటి సంది నిమ్మకాయ తీసేస్త. జర నువ్వే రోజు ముందట కూసో, ఏ దయ్యం దగ్గరికి రాదు" అన్నాడు. దాన్ని కూడా నేను గెలుపు ఖాతాలోనే వేసుకున్నాను.

ఇంటికొచ్చాక తెలిసింది, ఊళ్లో నాకంటే పెద్ద వింత మా మేనత్త అని. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. అలాంటి ఆడవాళ్లు ఒక మూల కూర్చుని వత్తులు చేసుకోవాలని లోకం అనుకునేది. మా మేనత్త తన వాటాకొచ్చిన చెలక చుట్టూ కంచె వేసి గాడిదలు పెంచడం మొదలుపెట్టింది. మామూలు గాడిదలు కావు, పొట్టి గాడిదలు. తన నడుము దాటి పెరగకుండా, సాధువుగా, బలంగా ఉండే సంతతిని తయారుచెయ్యాలని ఆమె పట్టుదల. వాటికి గిరాకీ గొర్లకాపర్ల దగ్గర. నర్సింహులపేట వైపు వాళ్లు మందలు తోలుకుని నెలల తరబడి తిరుగుతారు. దారిలో పుట్టిన గొర్రెపిల్లలను గాడిద వీపుకు రెండు పక్కలా వేలాడే సంచుల్లో వేసుకుని నడుస్తారు. ఎత్తు గాడిదైతే పిల్లను ఎత్తి వెయ్యడం కష్టం, అది బెదిరితే పిల్ల కిందపడి చావడం ఖాయం. పొట్టి గాడిదైతే తల్లి గొర్రె పక్కనే నడుస్తూ సంచిలో ఉన్న తన పిల్లను మూతితో తాకి చూసుకుంటుంది. ఈ మాట చెప్పేటప్పుడు మా మేనత్త ముఖం చూడాలి. సొంతంగా వంతెన కట్టిన ఇంజినీరు ముఖంలా ఉండేది.

చుట్టాలకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "పటేలింటి ఆడిబిడ్డ గాడిదలు కాసుడేంది" అని పెళ్లిళ్లలో చెవులు కొరుక్కునేవాళ్లు. మా బాపు ఆ బాధ పడలేక, ఎవరైనా అడిగితే "మా చెల్లె గుర్రాలు పెంచుతది" అని చెప్పేవాడు. (దాన్ని నమ్మి ఒక పెళ్లివారు ఊరేగింపుకు గుర్రం కావాలని ఇంటిదాకా వచ్చారు. గుర్రాన్ని చూసి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు.) నాకు మాత్రం ఒళ్లంతా గర్వం. ఊరి మురికి బట్టలు మోసింది కాబట్టి గాడిద తక్కువదట, ఆ బట్టలను మురికి చేసినవాళ్లు ఎక్కువవాళ్లట! ఈ వాక్యం నాకు ఎంతగా నచ్చిందంటే, దాన్ని మొదట అద్దానికి, తర్వాత మా బాపుకు, ఆ తర్వాత సాక్షాత్తూ గాడిదలకు వినిపించాను. గాడిదలు చెవులు నిక్కబొడుచుకుని విన్నాయి. అంత మంచి సభ నాకు మళ్లీ దొరకలేదు.

మేనత్త నాకు అప్పగించిన పని, ఏ గాడిద ఎవరి కడుపున పుట్టిందో, ఎవరికి పుట్టిందో గుర్తుపెట్టుకోవడం. తల్లుల సంగతి తేలిక, అవి నలుమూలల నుంచి కొని తెచ్చినవి. తండ్రి సంగతి ఇంకా తేలిక, మంద మొత్తానికి తండ్రి ఒక్కడే. వాడి పేరు నవాబు. మేకపోతుకంటే కాస్త ఎత్తు, కానీ నడకలో గోల్కొండ అంత ఠీవి. కంచెలో పుట్టిన ప్రతి పిల్లా నవాబు సంతానమే. అదే మాకు వచ్చిన చిక్కు. నవాబు కూతుళ్లలో చుక్క అని ఒకటుండేది. నుదుట తెల్లమచ్చ, పిల్లి అంత నెమ్మది, మంద మొత్తంలో అందరికంటే పొట్టి. దాని కడుపున పుట్టబోయే పిల్ల కోసమే మేనత్త అన్నేళ్ల నుంచి కాచుకుని ఉంది. అయితే దానికి సొంత రక్తాన్ని కలపకూడదు. అలా కలిపితే కాళ్లు వంకరవి, దవడ సరిగా లేనివి పుడతాయి, మొత్తం సంతతే చెడిపోతుంది. బయటి నుంచి పొట్టి మగది కావాలి. అలాంటిది ఒకటి మొగుళ్లపల్లిలో ఒక ముసలి గొర్లకాపరి దగ్గర ఉందని తెలిసింది. కానీ చుక్కను అంతదూరం తీసుకుపోవడానికి ఏ ట్రాలీ ఆటోవాడూ ఒప్పుకోలేదు. "గాడిదను ఎక్కించినంక నా బండిల పెండ్లి సామాను ఎవరు ఎక్కిస్తరు" అని ఒకటే మాట. అలా రోజులు గడుస్తుండగానే వానాకాలం వచ్చింది. వానాకాలం అని పేరే గానీ వాన రాలేదు.

పత్తి గింజలు పెట్టినవాళ్లు ఆకాశం వైపు, మొలకల వైపు మార్చి మార్చి చూస్తున్న ఒక మధ్యాహ్నం, ఊరి పెద్దమనుషులు మా కంచె దగ్గరికి వచ్చారు. ముందు మైకు మామ. ఊళ్లో పెళ్లయినా చావయినా ఆయన సౌండ్ బాక్సులే. మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడేవాడు. వెనక వరసల అవ్వ. మా ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెను అడగాల్సిందే. కొత్త కోడలు ఊళ్లో అడుగుపెట్టిన గంటలో ఎవరిని అత్త అనాలో, ఎవరిని అక్క అనాలో ఆమె తేల్చేసేది.

"వదినే," అన్నాడు మైకు మామ, మా మేనత్తతో. "ఊరు పరేషాన్ల ఉన్నది. గాడిదలకు పెండ్లి చేస్తె వాన పడ్తదంటరు. మీ చుక్కను, మీ బెల్లంగాణ్ని ఇయ్యాలె. ముచ్చటైన జోడి."

బెల్లంగాడు మా కంచెలోనే పుట్టి, ఆడవాటికి దూరంగా కట్టేసి ఉంచే, బెల్లం రంగు పడుచు మగ గాడిద. నేను వెంటనే కంచె రాయి మీదికెక్కాను. మేఘాలు సముద్రం నుంచి వస్తాయని, వాటికి శుభలేఖలు చదవడం రాదని, గాడిదల పెళ్లికీ అల్పపీడనానికీ ఏ సంబంధమూ లేదని ఆపకుండా చెప్పాను. మైకు మామ మెచ్చుకోలుగా తల ఊపాడు. "కోడలా, గొంతు మంచిగున్నది. పెండ్లినాడు మైకుల మాట్లాడుదువు."

మేనత్త ఒప్పుకుంది. నేను మండిపడితే నన్ను పక్కకు తీసుకెళ్లి, "మన గాడిదలను జూసి నవ్వినోళ్లే ఇయ్యాల అడుక్కోనీకి అచ్చిండ్రు. గీ ఒక్కనాడన్న మన చుక్కను నెత్తిన వెట్టుకోని" అంది. ఆమె కళ్లలో మెరిసింది భక్తి కాదని నాకు తెలుసు, అది గర్వం. గర్వం విషయంలో హేతువాదులు కొంచెం చూసీచూడనట్టు పోతారు.

పెళ్లిరోజు చుక్కకు పసుపు పూసి, మెడలో బంతిపూలు వేశారు. బెల్లంగాడికి తలపాగా చుట్టారు. దాన్ని వాడు నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాడు. బిందెలతో నీళ్లు కుమ్మరిస్తూ ఊరేగించాలని ఆచారం. గాడిద తడినేల మీద అడుగు వెయ్యదని మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. నీళ్లు పడ్డచోటల్లా పెళ్లికొడుకు నాలుగు కాళ్లూ నేలకు దిగేసి నిలబడిపోయేవాడు. పదిమంది వెనక నుంచి నెట్టేవాళ్లు, డప్పులవాళ్లు నిలబడ్డచోటే దరువు మార్చుకుంటూ వాయించేవాళ్లు. నేను ఇదంతా చూసి లోలోపల నవ్వుకుంటూ ఉన్నాను. పందిట్లోకి వచ్చాక నా నవ్వు ఆగిపోయింది. తాళి కట్టాక జంట మూడు నిద్దర్లు ఒకే కొట్టంలో చెయ్యాలని మైకు మామ మైకులో ప్రకటించాడు.

మేనత్త మైకుకు అడ్డం వచ్చింది. "నేను పెండ్లికి ఇచ్చిన గని నిద్దర్లకు ఇయ్యలే. చుక్క ఎదకచ్చింది. రెండిటిని ఒక్క కాడ కట్టేస్తె అయితదా!"

"ఎదకచ్చిందా!" మైకు మామ మైకును ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఊరోళ్లందరు ఇనుండ్రి, పెండ్లిపిల్ల ఎదల ఉన్నదట! ఇంతకన్న శకునం ఏం గావాలె? పంటలు ఇరగపండుతయ్!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ కొట్టం తలుపు మూసుకుంటే మా మేనత్త అన్నేళ్ల పని మట్టిలో కలిసినట్టే. చుక్క ఏడాది పాటు మోసేది తన అన్న పిల్లను. కాదంటే? వాన రాకపోతే నెపం మా గాడిదల మీదే. "ఆచారం సగంల ఆపిండ్రు, గా మందను ఊరు దాటియ్యాలె" అని వెనక నుంచి ఒకడు అప్పుడే అంటున్నాడు కూడా.

ఇచ్చిన మాట ప్రకారం మైకు నా చేతికి వచ్చింది. నా జీవితంలో అంత గొప్పగా ఎన్నడూ మాట్లాడలేదని ఇప్పటికీ నా నమ్మకం. అంతఃప్రజననం అన్నాను. జన్యువులు అన్నాను. రెండు బలహీన లక్షణాలు కలిస్తే పిల్లల్లో ఏమవుతుందో బఠానీ గింజల నుంచి మొదలుపెట్టి వివరించాను. డప్పులవాళ్లు మంట పెట్టి డప్పులు కాచుకుంటున్నారు. పిల్లలు బెల్లంగాడి తలపాగాలో మిగిలిన ముక్క కోసం కొట్లాడుకుంటున్నారు. ముందు వరసలో ఒకాయన కళ్లు మూసుకున్నాడు, ధ్యానమేమో అనుకున్నాను, గురక వినిపించింది. "బఠానీలు ఇప్పుడు ఏస్తె మొలుస్తయా?" అని ఒక రైతు మాత్రం శ్రద్ధగా అడిగాడు.

నేను మైకు దించేశాను. అప్పుడే వరసల అవ్వ పెళ్లిపాట ఎత్తుకోబోయి ఆగింది. మా దిక్కు ఆ పాటలో పెళ్లికొడుకు తండ్రి పేరు, పెళ్లికూతురు తండ్రి పేరు పెట్టి పాడాలి. పేరు లేకుండా పాడితే పాట చెల్లదు.

"పిల్లా, పెండ్లికొడుకు తండ్రి పేరేంది?"

"నవాబు," అన్నాను విసుగ్గా.

"పెండ్లిపిల్ల తండ్రి?"

"వాడే అవ్వా, నవాబే. ఇంకెవడున్నడు ఈడ?"

ఆ మాట నేను వాదంగా అనలేదు. ఉపన్యాసం ఓడిపోయిన కోపంలో అన్నాను. అవ్వ చేతిలోని అక్షింతల పళ్లెం కిందికి దిగింది. డప్పు మీద ఒక పుల్ల అప్పటికే లేచి ఉండి, ఒక్క దెబ్బ వేసి ఊరుకుంది.

"ఏందీ!" అంది అవ్వ. "తల్లులు ఇద్దరు రెండూర్లోళ్లు గదా, బావ మరదలు అయితరనుకున్న గదనే! ఒక్క తండ్రి బిడ్డలా? అన్నాచెల్లెండ్లకు పుస్తె గట్టిస్తున్నమా? ఓరి మైకోడా, ఆపుర్రా! వాన గాదు, ఊరి మీద పిడుగు వడ్తది!"

మైకు మామ చేతిలోని పసుపుతాడు పాము అయినట్టు వదిలేశాడు. ఊరంతా ఒక్కసారి అరవడం మొదలైంది. మనుషుల విషయంలో తల్లి ఎవరని ఎవరూ అడగరు, గాడిదల విషయంలో తండ్రి ఎవరని ఎవరూ అడగరు; ఆ రోజు మొదటిసారి అడిగారు. బఠానీ గింజలకు చలించని జనం 'వరస తప్పింది' అనేసరికి వణికిపోయారు. శాస్త్రం చెప్పిందీ, అవ్వ చెప్పిందీ ఒకటే. నేను బఠానీల దారిన చుట్టూ తిరిగి పోబోయిన చోటికి ఆమె అడ్డదారిన ముందే చేరింది. నాకు సిగ్గు వెయ్యలేదు, నిజం చెప్పాలంటే ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు అంత నిక్కచ్చిగా చెప్పగలిగిన మనిషి ఆ పందిట్లో నేనొక్కదాన్నే.

"మరి గిప్పుడెట్ల?" అన్నాడు మైకు మామ నీరసంగా. "ఇంకో పిలగాడు లేడా?"

"మా కంచెల పుట్టినోళ్లందరు నవాబు కొడుకులే," అన్నాను.

"నవాబుకే చేస్తె?" అన్నాడొకడు. అవ్వ వాణ్ని చూసిన చూపుకు వాడు ఇంటికి వెళ్లిపోయాడు.

"ఊర్లె సంబంధం లేదు," అని తేల్చింది అవ్వ. "బయటి సంబంధం సూడాలె."

అప్పుడు మా మేనత్త చాలా అమాయకంగా, కొంగు సర్దుకుంటూ, "మొగుళ్లపల్లిల ఒక పిలగాడున్నడని ఇన్న. మంచి ఖాందాన్ అట" అంది. ఆ గొంతు విని నేను ఆమె వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను. చూస్తే ఇద్దరమూ నవ్వేసేవాళ్లం.

అంతకుముందు గాడిదను ఎక్కించనన్న ట్రాలీ ఆటోవాడే మరునాడు పొద్దున్నే బండి కడిగి, మామిడాకులు కట్టి తెచ్చాడు. చుక్క ట్రాలీలో, దాని మెడ పట్టుకుని మేనత్త, నేను. వెనక ఇంకో బండిలో అవ్వ, మైకు మామ, నలుగురు పెద్దలు, ఒక సౌండ్ బాక్సు. హనుమకొండ మీదుగా పోతుంటే బస్సుల్లోంచి జనం తొంగిచూశారు. చుక్క అందరినీ పలకరిస్తున్నట్టు ఓండ్ర పెట్టింది. నేను ఉపన్యాసాలిచ్చిన ఊరి నడిబొడ్డు నుంచి పసుపు పూసిన గాడిదను పట్టుకుని పోతున్నాను. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని ముందు తల దించుకున్నాను. తర్వాత మేనత్తను చూశాను. ఆమె చుక్క కంటే ఎత్తుగా తల ఎత్తుకుని కూర్చుంది. నేనూ ఎత్తాను.

పరకాల దాటామో లేదో చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే కుండపోత. నేను ట్రాలీలోంచి వెనక బండికి వినిపించేలా అరిచాను: "మామా! పెండ్లి కాలే! ఇంకా పెండ్లి కాకముందే వాన అచ్చింది! ఇప్పుడేమంటవ్?"

మైకు మామ తడుస్తూ, చేతులు జోడించి, అంతకంటే గట్టిగా అరిచాడు: "వరస కుదిరిందని దానికి తెల్వదా కోడలా! సంబంధం కలిస్తె సాలదా!"

ఇలాంటి ప్రత్యర్థితో ఎవరు మాత్రం ఏం వాదించగలరు?

మొగుళ్లపల్లిలో ముసలి గొర్లకాపరి ఇంత బలగాన్ని చూసి మొదట భయపడ్డాడు. మైకు మామ ఆయన్ని కూర్చోబెట్టి విచారణ చేశాడు. "పిలగానికి తాగుడు అలవాటున్నదా?" "నీళ్లే వాసన చూసి తాగుతడయ్యా." "కోపం?" "దూడ తన్నినా పక్కకు జరుగుతడు." తండ్రి గోదారి అవతలి నుంచి వచ్చినవాడని తెలుసుకున్నాక గానీ అవ్వ కుదుటపడలేదు. తీరా పెళ్లికొడుకును బయటికి తెస్తే మైకు మామ గతుక్కుమన్నాడు. "వదినే, పెండ్లిపిల్ల కన్న పొట్టిగున్నడు గదా! నలుగురు నవ్వరా?" మేనత్త ఆ పొట్టివాణ్ని అపురూపంగా చూస్తూ, "నాకు గట్లాంటోడే గావాలె" అంది. పసుపు కలిపి, తాడు తీసి, అవ్వ గొంతు సవరించుకునేదాకా, ముహూర్తందాకా చుక్కా పొట్టివాడూ ఆగలేదు. పెద్దలందరూ ఒకేసారి అటు తిరిగి చింతచెట్టు ఎత్తు గురించి మాట్లాడుకున్నారు. అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఇగ పాటెందుకు, అక్షింతలు ఏస్తె సాలు" అంది.

మళ్లీ ఏడాదికి, ఎండాకాలం చివర, ఒక ఉదయం చుక్క ఈనింది. బతుకుతుందో లేదో అన్నంత చిన్నది ఆ పిల్ల. తడి బొచ్చు, ఒంటికి మించిన చెవులు, వెదురుపుల్లల్లాంటి కాళ్లు. లేవబోయి కూలబడింది, మళ్లీ లేవబోయి మళ్లీ కూలబడింది. కంచె చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. మేనత్త సాయం చెయ్యలేదు, పెదవి కొరుక్కుంటూ చూస్తోంది. చివరికి అది నాలుగు కాళ్ల మీదా నిలబడి, నిటారుగా, ఎక్కడా ఒక్క వంకర లేకుండా తల్లి పొదుగు వెతుక్కుంది. మేనత్త అప్పుడు ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా మనుషుల ముందు ఏడవని మనిషని బాపు తర్వాత చెప్పాడు. ఆ బాపే అక్కడ నిలబడి, పక్కూరి నుంచి వచ్చిన చుట్టంతో, "గుర్రం కాదు బావా, గాడిద. మా చెల్లె తయారు చేసిన గాడిద" అన్నాడు.

మా చేలను కూడా తడిపిన ఆ రోజు వాన మొగుళ్లపల్లి సంబంధం వల్లే పడిందని మా ఊరు ఇవాళ్టికీ నమ్ముతుంది. నేను ఇవాళ్టికీ కాదంటాను, చెబుతూనే ఉంటాను. ఇన్నేళ్లలో ఎన్నో వేదికలెక్కాను, ఎన్నో ఆచారాల మీద నిప్పులు కురిపించాను. వాటిలో ఎన్ని ఆరిపోయాయో, ఎన్ని నా వెనకాలే మళ్లీ వెలిగాయో నాకు తెలియదు. ఒక్క మార్పు మాత్రం కళ్లారా చూశాను. ఆ తర్వాత మా వైపు గాడిదను కొనేవాడెవడూ తండ్రి ఎవరని అడగకుండా తాడు పట్టుకోలేదు.

మొన్న ఊరికెళ్లినప్పుడు మేనత్తకు మోకాళ్ల నొప్పి, కంచె దగ్గర నేనే ఉన్నాను. నర్సింహులపేట వైపు నుంచి ఒక గొర్లకాపరి ఆవిడ మందతో వచ్చింది. ఆమెకు నచ్చిన గాడిద ఒకటుంటే, దాని తండ్రి, తాత, ముత్తాత, ఎవరిది ఏ ఊరు, ఎవరి నుంచైనా ఏ వంకరైనా వచ్చిందా, అన్నీ అడిగింది. నేను ఎక్కడా తడుముకోకుండా, చుక్క దాకా, పొట్టివాడి దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆమె మెచ్చుకోలుగా తల ఊపింది.

"మస్తు తెలుసక్కా నీకు. గీడనే ఉంటవా?"

"లేదు, పట్నంలో ఉంటాను. వ్యాసాలు రాస్తాను, సభల్లో మాట్లాడతాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నిజంగానే బాధపడింది. "గింత పనితనం వెట్టుకొని గా పనెందుకక్కా నీకు?" అని, నా జవాబు కోసం ఆగకుండా గాడిదను తోలుకుపోయింది. దాని సంచిలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల తల బయటపెట్టి చూస్తోంది. పక్కనే నడుస్తున్న తల్లి గొర్రె మెడ చాచకుండానే దాని మూతిని నాకింది. వాళ్లు రోడ్డు మలుపు తిరిగేదాకా నేను కంచెకు ఆనుకుని నిలబడి, ఎవరూ చూడకుండా, ఒంటరిగా, చాలాసేపు నవ్వుకున్నాను.